ఎడమ సీటుకు చల్లగాలి: కర్నూలు నుంచి సిద్ధవటం దాకా

అంబాసిడర్‌కు ఏసీ పెట్టిస్తానంటే కర్నూల్లో నవ్వని మనిషి లేడు. "ఆ బండి అమ్మినా ఏసీకి సరిపడా రాదు కదమ్మా" అన్నాడు మా వీధి చివర టైర్లకు గాలి కొట్టే ఆయన. నవ్వేవాళ్ళను నవ్వనీ. నాకు అరవై దాటాయి, పింఛను నాది, బండి నాది, పిచ్చి కూడా నాదే. పాత బండికి ఏసీ గొట్టాలు ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, ఏ దారిన పోవాలి అని నేను వెతికినప్పుడు తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. నాలాంటి పిచ్చివాళ్ళు ఇంకొందరైనా ఉండకపోరు, వాళ్ళ కోసం రాస్తున్నాను. అయితే గొట్టాల సంగతి ఒక్కటే రాసి ఊరుకోమంటే మాత్రం నా వల్ల కాదు.

జుబేదా, నేను బనగానపల్లెలో ఒకే బడిలో పదకొండేళ్ళు పనిచేశాం. ఆమె లెక్కలు, నేను సాంఘికం. భర్త పోయాక చంటిబిడ్డను చంకనేసుకుని ఉద్యోగంలో చేరింది. నేను పెళ్ళి జోలికే పోలేదు. ఒకే ఇంట్లో చెరో గది తీసుకున్నాం, వంట మాత్రం ఒకటే. ఈ అంబాసిడర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొని నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో, ఎడమ పక్క సీట్లో కూర్చుని "బర్రె! బర్రె! ఓయమ్మో, బర్రె!" అని అరిచింది ఆమే. తర్వాత నేను బదిలీ మీద కర్నూలు వచ్చేశాను, ఆమె తన కొడుకు ఇర్ఫాన్‌తో కడపలో స్థిరపడింది. అయినా నెలకోసారి బండేసుకుని పోయేదాన్ని, ఇద్దరం ఏదో ఒక ఊరు చూసి వచ్చేవాళ్ళం.

నిరుడు రోహిణి కార్తెలో ఆమెకు వడదెబ్బ తగిలింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంది. బతికి బయటపడింది గానీ, అప్పటి నుంచి ఎండ పొడ తగిలితే చాలు, కళ్ళు తిరిగి కూలబడిపోతుంది. ఈ ఎండాకాలం పోయేదాకా చల్లటి గది దాటొద్దన్నాడు డాక్టరు. ఈలోగా ఇర్ఫాన్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, భార్యాబిడ్డలతో పాటు తల్లిని కూడా తీసుకుపోతున్నాడు, ఇక ఎప్పటికీ అక్కడే. మే నెలాఖరు సోమవారం తెల్లవారుజామున ప్రయాణం. "పోయేలోపల మా సిద్ధవటం పెన్నను ఒక్కసారి చూడాలనుండాదే కరుణా" అంది ఫోన్లో. సామాన్లు కట్టే హడావుడిలో కొడుక్కు తీసుకుపోయే తీరిక లేదు.

ఏసీ టాక్సీ దొరకదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అన్నాను. "టాక్సీలో మూడో మనిషి ఉంటాడు. ఏడుపొస్తే యాడ ఏడ్చేది? నీ డొక్కు బండైతే వస్తా, లేకపోతే ల్యా" అంది. ఆమె మొండితనం నాకు కొత్త కాదు. దాపరికమెందుకు, నా మనసులో ఇంకో ఆశ కూడా ఉండింది. బండి చల్లగా ఉంటే ఎండాకాలమైనా ఆమెను కర్నూలు తెచ్చుకోవచ్చు కదా. బెంగళూరు వద్దు, మా ఇంటికి వచ్చెయ్యి, మళ్ళీ ఒకే వంట పెట్టుకుందాం అని పెన్న ఒడ్డున అడుగుదామనుకున్నాను. ఈ ప్రయాణమంతా ఆ ఒక్క మాట అడగడానికే.

ఇప్పుడు గొట్టాల సంగతి. కారు ఏసీ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజను తిప్పే కంప్రెసర్ ఒకటి, రేడియేటర్ ముందు నిలబెట్టే కండెన్సర్ జాలీ ఒకటి, డ్యాష్‌బోర్డు కింద చల్లగాలి ఊదే పెట్టె ఒకటి. ఈ మూడింటినీ కలిపేవే గొట్టాలు. సామాన్లన్నీ పాత వ్యాన్లవి తుక్కు దుకాణాల్లో ఏరుకున్నాను. గొట్టాలు మాత్రం అట్లా దొరకవు. నా మోడల్ ఏసీ లేని రోజుల్లోది, కాబట్టి దాని కొలతకు కొత్తగా చేయించుకోవాల్సిందే. కారు ఏసీలు చేసేవాళ్ళు కర్నూల్లో లేకపోలేదు. కానీ నేను ప్రభుదాసుకు ఇచ్చాను. ప్రభుదాసు మా చర్చిలో ఏసీలు చూసే మనిషి, ఫ్రిజ్ మెకానిక్కు. మన సంఘంవాడు ఉండగా బయటివాళ్ళకు ఎట్లా ఇస్తాం అనుకున్నాను. మా వాళ్ళలో ఈ జబ్బు ఉంది. మన చర్చివాడైతే పళ్ళు కూడా వాడిచేతే పీకించుకుంటాం. రాగి గొట్టాలు వంచి, గ్యాస్ వెల్డింగ్ పెట్టి, ఆరువేల రూపాయలకు తళతళలాడేట్టు చేసిచ్చాడు. చూస్తే దీపపు కుందుల్లా ఉన్నాయి.

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి తెల్లవారకముందే బయల్దేరాను. ఎండాకాలంలో ఈ దారిన వచ్చేవాళ్ళు ఐదున్నరకల్లా కర్నూలు దాటాలి, తర్వాత మీ ఇష్టం, మీ కర్మ. ఓర్వకల్లు రాళ్ళగుట్టల దగ్గర సూర్యుడు వచ్చాడు. ఏసీ మీట నొక్కాను. ముందు కాస్త పాత వ్యాను వాసన వేసింది, తర్వాత గాలి చల్లబడింది. ముప్పై ఏళ్ళ బండిలో చల్లగాలి! ఒక్కదాన్నే అయినా గట్టిగా "స్తోత్రం" అన్నాను. ఆ పెట్టెకు గాలి బయటికొచ్చే వెంట్లు మూడున్నాయి. నా వైపువి రెండు తిప్పి మూసుకోవచ్చు. ఎడమ వైపుదానికి మూత ఎప్పుడో ఊడిపోయింది, గాలి తిన్నగా ఎడమ సీటు మీదికే కొడుతుంది. నాకు కావలసిందీ అదే.

పాణ్యం దగ్గర హైవే వదిలి బనగానపల్లె దారి పట్టాను. నేరుగా కడప పోవాలంటే నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు హైవే సుఖం, నాలుగు గంటల్లో పోవచ్చు. నేను మామిడిపండ్ల కోసం చుట్టు తిరిగాను. పాత బస్టాండు దగ్గర సుంకమ్మ బొరుగుల ఉగ్గాని బండి ఇంకా ఉంది. నన్ను చూడగానే రెండు ప్లేట్లు తీసింది.

"ఒకటి చాలు సుంకమ్మా."

"ఏం, జుబేదా టీచరు దిగలేదా బండి?"

"రాలేదు. కడపలో ఉంది."

"ఒక్కదానివే ఇంత దూరం యాలమ్మా?" అని రెండో ప్లేటులో బజ్జీలు మాత్రం వేసి నా ముందుకే తోసింది. "తిను. ఆమెవి కూడా నువ్వే తిను."

తిన్నాను. ఇద్దరి బజ్జీలు తినడం అంత తేలిక కాదు. ఉగ్గాని బజ్జీ నలభై రూపాయలు, మార్కెట్లో తోట మీద నుంచి అప్పుడే దిగిన బంగినపల్లి పండ్లు ఒక చిన్న బుట్ట నాలుగు వందలు. బుట్టను ఎడమ సీట్లో పెట్టి బెల్టు వేశాను.

కోవెలకుంట్ల దాటాక నల్లరేగడి. ఆ నేలలో రోడ్డు ఏ ఏడాదీ సాపుగా ఉండదు. పెద్దముడియం ఇంకా కొంత దూరముందనగా ఒక గుంతలో బండి ఎగిరి పడింది. బానెట్ కింద బుస్సుమని పాము లేచినట్టు చప్పుడైంది. పది నిమిషాలకల్లా వెంట్లలోంచి వడగాలి. బానెట్ ఎత్తి చూస్తే కంప్రెసర్ దగ్గర రాగి గొట్టం మెడ మీద వెంట్రుక మందం చీలిక, చుట్టూ నూనె తడి. గ్యాసంతా పోయింది. చుట్టూ చెట్టు లేదు, మనిషి లేడు. రోడ్డు మీద కూర్చుని ఏడ్వాలనిపించింది గానీ తారు అప్పటికే కాలుతోంది.

బోరు బండి లారీ ఒకటి పక్కన ఆగింది. డ్రైవరు దిగి వచ్చి గొట్టాన్ని చూసి నోరు తెరిచాడు. "ఇది ఫ్రిజ్జు పైపు కదమ్మా! ఫ్రిజ్జు మూలన కూర్చుంటాది. నీ ఇంజను చూడు, పూనకమొచ్చినట్ల ఊగుతాండాది. ఊగేదానికి రాగి నిలబడతాదా?"

"ఇప్పుడేం చేయాలి నాయనా?"

"కడపలో ఓబులేసన్న ఉండాడు, లారీ యార్డు ఎనక. మా బోరు బండికి పైపులన్నీ ఆయప్పే చేస్తాడు. జేసీబీ ఏసీలకు కూడా చేస్తాడు. ఆదివారమైనా తీసే ఉంటాది, బోర్లకు ఆదివారం లేదు." ఫోన్లోనే ఓబులేసుకు చెప్పి, నా మామిడిపండు ఒకటి తీసుకుని వెళ్ళిపోయాడు.

ప్రభుదాసుకు ఫోన్ చేశాను. ఆరాధనలో ఉన్నాడు, ఎత్తలేదు. నేను ప్రొద్దుటూరు చేరేసరికి వాడే చేశాడు. "ప్రార్థన చేసుకునే వెల్డింగ్ పెట్టినా సిస్టర్" అన్నాడు. "ప్రార్థన గట్టిగానే ఉంది బ్రదర్, పైపే పగిలింది" అన్నాను. పాపం, వాణ్ణి అని ఏం లాభం? పిలిచి పని ఇచ్చింది నేను.

అక్కడి నుంచి కడప దాకా కిటికీలు దించుకుని తడి తువ్వాలు నెత్తిన వేసుకుని నడిపాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నాకు నెత్తి పగులుతుందేమో అనిపించింది. ఊళ్ళోకి వచ్చేసరికి పదకొండు దాటింది. జుబేదా ఫోన్.

"యాడుండావే?"

"దగ్గరికొచ్చేశాను. చిన్న పనుంది, చూసుకుని సాయంత్రం నాలుగుకు వస్తా."

"బండి చెడిపోయిందా?"

"లేదు."

"చెడిపోయింది" అని నవ్వి పెట్టేసింది.

ఓబులేసు దుకాణం రేకుల షెడ్డు. లోపల నల్లటి రబ్బరు హోసులు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. మనిషి భారీగా ఉన్నాడు, నోరు అంతకన్నా భారీ. రాగి గొట్టాలను చూసి అయిదు నిమిషాలు తిట్టాడు. ఎవర్ని తిడుతున్నాడో నాకు అర్థం కాలేదు, బహుశా అందర్నీ. తర్వాత ఒక ముతక తాడు తడిపి తెచ్చాడు. "మేడమా, బండి స్టార్ట్ చేయండి. బ్రేకు మీద కాలు పెట్టి గేరేసి, కొంచెం కొంచెం క్లచ్చి వదలండి." అట్లా చేస్తే ఇంజను ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగినప్పుడు కంప్రెసర్ ఎక్కడికి పోతుందో అక్కడికి తాడు పట్టి చూశాడు, దానిపైన ఒక పిడికిలి వదులు కలిపాడు. మూడు గొట్టాలకూ ఇదే తీరు. బండి నిలబడినప్పుడు కొలిస్తే గొట్టం అతికినట్టు బాగుంటుందట, పరిగెత్తినప్పుడు తెగుతుందట.

జేసీబీ ఏసీలకు వాడే హోసు తెచ్చి కోశాడు. చివర్లకు మోచేతిలా వంగిన ఇనుప ఎల్బోలు తొడిగి ప్రెస్ మిషన్లో పెట్టి నొక్కాడు. ఇంత గొప్పలు చెప్పినవాడు మొదటి గొట్టమే తప్పు చేశాడు. రెండు చివర్ల ఎల్బోలు ఒకదానికొకటి ఏ వైపు తిరిగి ఉండాలో సుద్ద గీత పెట్టుకోవాలి, మాటల్లో పడి మరచిపోయాడు. బిగించబోతే గొట్టం తాడులా మెలి తిరిగింది. "థూ, నా నోరు పడిపోను" అని తనను తానే తిట్టుకుని, కోసి పారేసి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను గడియారం చూస్తున్నాను. ఒంటిగంట అయింది. ఇంటి నుంచి అతని క్యారియర్ వచ్చింది. రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. సగం నాకు పెట్టాడు. వద్దంటే వినలేదు.

"ఇంత తొందర దేనికి మేడమా? ఎవురికన్నా ఒంట్లో బాగలేదా?"

చెప్పాను. ఎందుకో అంతా చెప్పాను, పెన్న సంగతి, బెంగళూరు సంగతి, చివరికి నేను అడగబోయే మాట కూడా. ఇంట్లో గోడలకు తప్ప ఎవరికీ చెప్పనివి, ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేశాను. ఓబులేసు సంగటి ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. "అడగండి" అన్నాడు. "అడిగితే పోయేదేముండాది." ఆ తర్వాత అతని నోటి నుంచి కబుర్లు తగ్గాయి, పని జోరందుకుంది.

గొట్టాలు బిగించాక గాలి పీల్చే పంపు అరగంట పెట్టాడు. లోపల తడి ఉంటే ఏసీ పాడవుతుందట, ఈ అరగంటను ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకండి. గ్యాసు నింపి సబ్బు నురగ రాసి లీకు చూశాడు. "ఇంగ ఆ పక్క ఎవురన్నా కూర్చోవాల. మీరు ఎక్సలేటర్ తొక్కతాంటే ఆ మనిషి చెయ్యి పెట్టి చూడాల. యాడ మీ మనిషి?"

"లేరు. నేనొక్కదాన్నే వచ్చాను."

చేతులు తుడుచుకుని, మామిడిపండ్ల బుట్టను వెనక సీట్లోకి జరిపి తనే ఎక్కి కూర్చున్నాడు. స్ప్రింగులు కిర్రుమన్నాయి. కళ్ళు మూసుకుని మొహం వెంటు దగ్గర పెట్టి, "ఆహా, ఊటీ" అన్నాడు. ఆ సీట్లో ఒక మనిషి బరువు పడి ఏడాది దాటింది. బండి ఎడమ పక్కకు కాస్త ఒరిగి నిలబడటం నాకు బాగుంది.

"ఈ వెంటుకు మూత లేదు మేడమా. నా కాడ ఒకటి ఉండాది, డెబ్బై రూపాయలు. పెట్టేదా? మీరొక్కరే పోయేటప్పుడు మూసుకుంటే గాలంతా మీ పక్కకొస్తాది."

"వద్దు. ఆ పక్క మనిషి ఉంటుంది."

అతను నా మొహం చూసి, సరేనని దిగాడు. హోసులు, ఎల్బోలు, గ్యాసు, కూలీ అన్నీ కలిపి ఏడువేల రెండు వందలయ్యాయి. పగిలిన రాగిని తుక్కు కింద తీసుకుని రెండు వందలు తగ్గించాడు.

నాలుగున్నరకు జుబేదా ఇంటి ముందు హారన్ కొట్టాను. ఇల్లంతా అట్టపెట్టెలు. ఇర్ఫాన్ గొడుగు పట్టి తల్లిని బండి దాకా నడిపించాడు. "ఆంటీ, చీకటి పడేలోపల తీసుకురాండి" అన్నాడు. జుబేదా చిక్కిపోయింది. నా అంబాసిడర్ తలుపు వేయడానికి రెండు చేతులూ వాడింది. చల్లగాలి మొహాన తగిలేసరికి కళ్ళు పెద్దవి చేసింది. "యా అల్లా! ఇది మన బండేనా?"

"మన బండే."

"బర్రెలకు కూడా చెప్పాల్సింది, మర్యాదగా పక్కకు తప్పుకునేవి" అని నవ్వింది.

సిద్ధవటం కడపకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు, భాకరాపేట దగ్గర మలుపు. ముప్పావుగంట దారి. దారంతా ఆమె మాట్లాడింది, బడి సంగతులు, చనిపోయిన హెడ్‌మాస్టరు సంగతులు. నేను ఊకొడుతూ, అడగాల్సిన మాటను నోట్లోనే తిప్పుకుంటూ నడిపాను. పెన్న ఒడ్డున కోటగోడ కనబడే చోట బండి ఆపాను. ఇంజను మాత్రం ఆపలేదు, ఆపితే చల్లగాలి ఉండదు.

పెన్నలో నీళ్ళు లేవు. ఎంత దూరం చూసినా ఇసుకే, నడుమ ఎక్కడో ఒక పాయ మెరుస్తోంది. జుబేదా అద్దానికి మొహం ఆనించి చూసింది. "ఆడ మా నాయన దోసపాదులు పెట్టేటోడు. తెల్లారుజామున పోతే ఇసక సల్లగుండేది. కాళ్ళు ఇసకలో పూడ్చుకొని కూర్చొని పండు తినేటోళ్ళం."

ఆమె దిగలేదు, దిగకూడదు. నేను దిగాను. ఆ కాస్త దూరం నడిచేసరికే చెప్పులు కాలాయి. చేతిగుడ్డలో రెండు దోసిళ్ళ ఇసుక మూటకట్టి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. వేడి వేడి ఇసుక. ఆమె మూట విప్పి ఎడమ వెంటు కింద పట్టుకుంది. వేలితో కలుపుతూ, మళ్ళీ పడుతూ, అది చల్లారేదాకా అట్లాగే కూర్చుంది. తర్వాత చెప్పులు విడిచి, కాళ్ళ మీద పోసుకుంది.

"ఇట్లే ఉండేది" అంది.

అప్పుడు అడిగాను. "బెంగళూరు వద్దులే జుబేదా. మా ఇంటికి వచ్చెయ్యి. రెండు గదులున్నాయి. వంట ఒకటే పెట్టుకుందాం."

ఆగి ఉన్న బండిలో ఏసీ నడిస్తే ఇంజను వేడెక్కుతుంది. టెంపరేచర్ సూది పైకి పాకడం నాకు కనబడుతూనే ఉంది.

"మీ ఇంట్లో ఏసీ ఉండాదా?" అంది చివరికి.

కూలరుంది, అదీ సగం రోజులు నీళ్ళు లేక ఆగే కూలరు. అన్ని రోజులు బండి చుట్టూ తిరిగాను, ఇంటి సంగతి తట్టనే లేదు.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని నవ్వింది. నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంది.

"పెట్టిస్తాను. వారంలో పెట్టిస్తాను."

"పెట్టించుకో. నా కోసరం కాదు, నీ కోసరం. ఒక్కదానివే ఉండావు, ఎండ దెబ్బ నీకు తగిలితే?" కాళ్ళ మీది ఇసుకను వేలితో సర్దుకుంది. "కోడలు ఉద్యోగానికి పోతాది. పసిది పొద్దంతా నా కాడే. నీ ఇంటికొస్తే నువ్వు నన్ను చూసుకుంటావు. బాగా చూసుకుంటావు, నాకు తెలుసు. మరి నేనేం జేయాల? మంచం మీద కూర్చొని చూపించుకునే బతుకు నాకొద్దే. నేను ఒకర్ని చూసే పని కావాల. ఆడ అది ఉండాది."

ఆమె చెప్పింది న్యాయమే. న్యాయమని తెలిసి కూడా, "మరి నాకెవరున్నారే?" అన్నాను. ఇంత వయసు వచ్చింది, ఆ మాట ఒక మనిషితో అనడం అదే మొదలు.

ఆమె నా చెయ్యి వదలకుండా, గడ్డంతో డ్యాష్‌బోర్డు చూపించి, "సూది చూడు" అంది. సూది ఎర్రగీత మీద ఉంది. ఇంకొంచెంసేపు నిలబెడితే ఇంజను పోతుంది. గేరు వేసి బండి తిప్పాను. మూడో మనిషి లేడు కాబట్టి భాకరాపేట మలుపు దాకా ఇద్దరం ఏడ్చాం. బండి నడిస్తే గాలి తగిలి సూది తనంతట తనే దిగింది.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే అట్టపెట్టెల నడుమ పడుకున్నాను. తెల్లవారుజామున ఇర్ఫాన్ కారులో వెనక సీట్లో, నిద్రపోతున్న మనవరాలిని ఒళ్ళో వేసుకుని జుబేదా కూర్చుంది. అద్దం దించితే లోపలి చల్లదనం పోతుందని దించలేదు. అద్దం అవతల నుంచే చెయ్యి ఊపింది, నోటితో ఏదో చెప్పింది. ఏసీ పెట్టించుకో అనే అయి ఉంటుంది. మామిడిపండ్ల బుట్ట వాళ్ళ డిక్కీలో సర్దించి, నేను మైదుకూరు హైవే పట్టాను.

ఒంటరి ప్రయాణం బాగుంటుందని, మనల్ని మనం తెలుసుకుంటామని చాలామంది రాస్తుంటారు. కావచ్చు. నన్ను నేను ఎప్పుడో తెలుసుకున్నాను, పెద్ద విశేషమేమీ లేదు. నాకు పక్కన కూర్చుని బర్రె బర్రె అని అరిచే మనిషి కావాలి. అది లేనప్పుడు ఎంత మంచి రోడ్డయినా ఊరికే రోడ్డు. అయినా ఈ ప్రయాణం చేసినందుకు నాకు బాధ లేదు. ఆమె పాదాల మీద పెన్న ఇసుక చల్లగా పడింది, నేను అడగాల్సింది అడిగాను, ఆమె చెప్పాల్సింది చెప్పింది. ఓబులేసు గొట్టాలు ఆళ్ళగడ్డ ఊళ్ళోని గుంతల్లో కూడా బొట్టు లీకు కాలేదు. వచ్చిన వారానికి ఇంట్లో ఏసీ కూడా పెట్టించాను. ప్రభుదాసే పెట్టాడు, గోడకు పెట్టే ఏసీలకు అతన్ని మించినవాడు లేడు.

పాత బండికి గొట్టాలు చేయించుకునేవాళ్ళకు ఒక్క సలహా. రాగి వద్దు, హోసు వేయించండి, అది ఎలాగూ ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది వేరే. ఎడమ వెంటుకు మూత పెట్టించుకోండి, డెబ్బై రూపాయలే. నేను వద్దన్నాను. నంద్యాల దాటేసరికి ఆ ఖాళీ సీటు మంచుగడ్డ అయింది, నా పక్క మాత్రం చెమట ఆగలేదు. కడప పోయి మూత పెట్టించుకురావడం ఒక రోజు పని. ఇంకా పోలేదు.